గడ్డిచామంతికి రెండు మార్కులు తగ్గించాను



ఈ సంచిక మీ చేతికి అందేసరికి యాన్యువల్ పరీక్షలు అయిపోయి ఉంటాయి. రిపోర్ట్ కార్డు, వచ్చే ఏడాది పుస్తకాల లిస్టు, ఫీజు తేదీలు, వాటితోపాటు హాలిడే హోమ్‌వర్క్ కాగితం కూడా పిల్లల బ్యాగులో ఉంటుంది. ఆ చివరి కాగితం గురించే ఈ పేజీలో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

ఈసారి మా ఏడో తరగతి సెక్షన్‌కి నేనిచ్చిన ఇంగ్లిష్ హాలిడే హోమ్‌వర్క్‌లో రెండే పనులున్నాయి. ఒకటి, ఊలుతో చేత్తో ఏదైనా అల్లడం. కుదిరితే చంటిపిల్లల సాక్సులు ఒక జత. రెండోది, మీ వీధిలోనో, మీ ఊళ్లోనో ఎవరూ పనిగట్టుకుని పెంచకుండా పూసే ఏడు పూలను గుర్తుపట్టి డైరీలో రాయడం. అంతే. చార్టు లేదు, థర్మకోల్ మోడల్ లేదు, ప్రింటవుట్ అసలే లేదు.

కాగితం చూసిన ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "మేడమ్, ఇది ఇంగ్లిష్ హోమ్‌వర్కేనాండీ? మండుటెండల్లో ఊలు సాక్సులేంటి?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గానీ ప్రశ్న న్యాయమైనదే. మీలో చాలామందికి అదే అనుమానం వచ్చి ఉంటుంది. జవాబు చెప్పేముందు, నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి.

తగ్గించిన రెండు మార్కులు

పోయిన వేసవికి కూడా పిల్లలకు పూల ప్రాజెక్టే ఇచ్చాను. పది పూలు అతికించి, వాటి ఇంగ్లిష్ పేర్లు రాయమన్నాను. జూన్‌లో స్కూలు తెరిచాక నా టేబుల్ మీద ప్రాజెక్టుల గుట్ట పడింది. చాలావరకు కలర్ ప్రింట్లే. గులాబీ, తామర, సన్‌ఫ్లవర్, ట్యులిప్, డాఫోడిల్. కొన్నిటికి స్పైరల్ బైండింగ్, కొన్నిటికి లామినేషన్. ఎవరు చేశారో నాకు తెలుసు, చేయించిన మీకూ తెలుసు. చూడముచ్చటగా ఉన్నాయి కాబట్టి పదికి పది వేసుకుంటూ పోయాను.

మధ్యలో ఒక పాప ప్రాజెక్టు వచ్చింది. పాత న్యూస్‌పేపర్ మధ్య పెట్టి ఎండబెట్టిన మొక్కలు, వాటిని సెల్లోటేపుతో అంటించింది. ఒకచోట టేపు ఊడి రేకులు రాలిపోయాయి. ఒక ఎండిన పసుపు పువ్వు కింద పెన్సిల్‌తో 'గడ్డిచామంతి' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసింది. దానికి ఎర్ర సున్నా చుట్టి, ఇంగ్లిష్ పేరు రాయాలని పక్కన రిమార్కు పెట్టాను. నీట్‌గా లేదని రెండు మార్కులు తగ్గించాను.

వారం తర్వాత సాయంత్రం గేటు దగ్గర నాకు బస్ డ్యూటీ పడింది. ఆ పాప తన బస్సు కోసం నిలబడి, కాంపౌండ్ గోడ వైపు వేలు చూపించింది. "మిస్, అదే మిస్ గడ్డిచామంతి." గోడ పొడవునా, నాపరాళ్ల సందుల్లో అవే పూలు. మూడేళ్లుగా రోజూ ఆ గోడ పక్కనుంచే నడుస్తున్నాను. ఒక్కసారీ చూడలేదు. దాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో నాకూ తెలియదు. ఇంటికెళ్లి వెతికితే కోట్ బటన్స్ అని తెలిసింది. దాని తెలుగు పేరు కూడా అంతకుముందు నాకు తెలియదు. ఆ పాపకు వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

అంటే, నాకే రాని జవాబు రాయలేదని ఒక పిల్లకి మార్కులు తగ్గించాను. ట్యులిప్‌ని జన్మలో చూడని పిల్లలకేమో పదికి పది వేశాను. మరుసటి రోజు రిజిస్టర్‌లో ఆ రెండు మార్కులు కలిపి, పాపకు సారీ చెప్పాను. కానీ యూనిట్ టెస్ట్ కార్డు అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. అందులో ఎనిమిదే ఉంది.

డాఫోడిల్స్ కూడా అడవి పూలే

ఇంగ్లిష్ టీచర్లం డాఫోడిల్స్ పాఠం ఎన్నిసార్లు చెబుతామో లెక్కలేదు. ఆ పద్యం ఎలా పుట్టిందో మాత్రం క్లాసులో పెద్దగా చెప్పం. 1802 ఏప్రిల్ 15న విలియం వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొతీ ఉత్తర ఇంగ్లండ్‌లో అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున నడిచి వస్తున్నారు. గాలి విసురుగా ఉంది. నీటి ఒడ్డున వరసగా డాఫోడిల్స్ కనిపించాయి. ఎవరో తోటలో నాటినవి కావు, వాటంతటవే మొలిచినవి. డొరొతీ ఆ రోజు చూసినదంతా తన డైరీలో రాసుకుంది. పూలు ఎక్కడ మొదలయ్యాయో, గాలికి ఎలా ఊగాయో అన్నీ వివరంగా రాసింది. అన్నగారు పద్యం రాసింది ఆ తర్వాత రెండేళ్లకు. అచ్చయింది 1807లో.

ముందు నడక, తర్వాత చూపు, తర్వాత డైరీ. పద్యం ఎప్పుడో చివర. మనం పిల్లలకు చివరిది ఒక్కటే ఇచ్చి, ముందున్న మూడింటినీ వదిలేస్తున్నాం. ఇక్కడ దొరకని డాఫోడిల్‌కి స్పెల్లింగ్ నేర్పి, గోడ పక్కన పూసే పువ్వుకి పేరు లేకుండా చేస్తున్నాం. ఆ పద్యం చెప్పడం మానేయాలని నేను అనడం లేదు. నాకు చాలా ఇష్టమైన పద్యమది. అది అర్థం కావాలంటే పిల్లవాడు తన జీవితంలో ఏదో ఒక పువ్వు దగ్గర ఒక్కసారైనా ఆగి ఉండాలి అంటున్నాను.

వేసవి మొదట్లో మన దగ్గర పూలేం ఉంటాయి అనుకోకండి. వానలు పడితేనే పూలని నేనూ అనుకునేదాన్ని. ఏప్రిల్, మే నెలల్లో మీ వీధిలోకి ఒకసారి వెళ్లి చూడండి. కానుగ చెట్టు కింద పొద్దున్నే తెల్లటి, లేత గులాబీ రంగు పూలు పేలాలు చల్లినట్టు రాలి ఉంటాయి. దిరిసెన చెట్టుకి కుచ్చుల్లాంటి పూలు, వాటి వాసన సాయంత్రం వీధి చివరిదాకా వస్తుంది. రేల చెట్టు నుంచి పసుపు గుత్తులు జారుగా వేలాడుతుంటాయి. కేరళవాళ్లు విషు పండక్కి దేవుడి ముందు పెట్టుకునే పువ్వు అదే, వాళ్ల రాష్ట్ర పుష్పం కూడా. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు. దాన్ని బతుకమ్మ నాడు పళ్లెంలోనే చూసిన పిల్లలున్నారు గానీ, రోడ్డు పక్కన పొదగా చూసి ఇదే అది అని చెప్పగలిగినవాళ్లు నా క్లాసులో ఇద్దరే ఉన్నారు.

ఖాళీ ప్లాటు ఉంటే జిల్లేడు ఉంటుంది. దాని ఆకు వెనక్కి తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపించవచ్చు. నారింజ రంగు రెక్కలతో తిరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల అది. తుత్తురుబెండ పువ్వు పగలంతా ముడుచుకుని సాయంత్రం పూట విచ్చుకుంటుంది. కాయ చూడ్డానికి పళ్ల చక్రంలా ఉంటుంది.

ఇక నేను మార్కులు తగ్గించిన గడ్డిచామంతి. దాన్ని భూతద్దం కింద పెట్టి చూడమనండి. మనం ఒక పువ్వు అనుకునేది ఒకటి కాదు. మధ్యలో ఉన్న పసుపు దిండులో చిన్న చిన్న పూలు డజన్ల కొద్దీ ఉంటాయి. చుట్టూ తెల్లగానో లేత పసుపుగానో ఉండే ఒక్కో రేకు కూడా విడిగా ఒక పువ్వే. రేకు చివర మూడు గాట్లుంటాయి. ఎండాక గింజలకు గొడుగుల్లాంటి కుచ్చులు వచ్చి గాలికి ఎగిరిపోతాయి. పల్లెల్లో దెబ్బ తగిలితే దీని ఆకు నలిపి రసం పిండేవారు. ఇంత చేసీ ఇది మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంగ్లిష్ లాగే, ఇదీ బయట నుంచి వచ్చి మనదైపోయింది.

ఉగాదికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందా అని మా ఇంట్లో ఫోన్‌లో ఆర్డర్ పెట్టాం. డెలివరీ బాయ్ వచ్చి స్కూటర్ ఆపింది పూతతో నిండిన వేపచెట్టు కిందే. ఇది మా ఇంటి సంగతే, మిమ్మల్ని అనడం లేదు.

ముప్పై రెండు కుట్లు

సాక్సుల కథ వేరు. మా కాలనీలో రిటైర్డ్ నర్సు ఒకావిడ ఉన్నారు. అందరం ఆంటీ అంటాం. ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆవిడ అల్లిన ఊలు సాక్సులు ఒక జత వెళ్లాల్సిందే. పోయిన వేసవిలో నాకూ నేర్పమని అడిగాను. "టీచరమ్మా, నీకు ఓపికుందా? పిల్లలకి ఓపిక గురించి చెప్పేవాళ్లకి అది ఉండదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. నాలుగు రోజులకి ఆవిడ మాట నిజమని తేలింది.

చంటిపిల్లల సాక్సుకి రెండు మొనలూ ఉన్న సూదులు ఐదు కావాలి. మొదట ముప్పై రెండు కుట్లు ఎక్కించి, నాలుగు సూదుల మీద ఎనిమిదేసి చొప్పున పంచుకోవాలి. ఐదో సూదితో గుండ్రంగా అల్లుకుంటూ పోవాలి. పైన సాగే పట్టీ కోసం రెండు ప్లెయిన్, రెండు పర్ల్. అందుకే మొత్తం కుట్లు నాలుగుతో భాగించబడాలి. ముప్పై రెండు బదులు ముప్పై మూడు ఎక్కిస్తే మొదటి చుట్టు పూర్తయ్యేసరికే సాక్సు చెప్పేస్తుంది, లెక్క తప్పావు అని.

అసలు కష్టం మడమ దగ్గర. సగం కుట్లు, అంటే పదహారు మాత్రమే తీసుకుని పదహారు వరుసలు అల్లాలి. తర్వాత మడమ తిప్పడం. ఒక్కో వరుసలో ఒక్కో కుట్టు కలిపేసుకుంటూ పదహారుని పదికి తేవాలి. చదునుగా ఉన్న అల్లిక ఉన్నట్టుండి గిన్నెలా వంగుతుంది. మొదటిసారి అది నా చేతుల్లో వంగినప్పుడు మా అమ్మని పిలిచి చూపించాను. ఆ తర్వాత మడమకి రెండు పక్కలా ఎనిమిదేసి కుట్లు ఎత్తుకుంటే పది, పదహారు, పాదం పైభాగం కోసం ఆగి ఉన్న పదహారు, మొత్తం నలభై రెండు అవుతాయి. మళ్లీ ముప్పై రెండుకి రావాలంటే చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గించాలి. ఐదుసార్లు తగ్గిస్తే సరిపోతుంది. ఇదంతా ఐదో తరగతి లెక్కే. కానీ నోట్‌బుక్‌లో తప్పితే ఎర్ర ఇంటూ పడుతుంది, ఇక్కడ తప్పితే మడమ పక్కకి పోతుంది. ఏది ఎందుకు తప్పిందో చేతిలోనే కనిపిస్తుంది.

నా మొదటి సాక్సు మూడుసార్లు విప్పాను. మూడోసారి ఏడుపొచ్చింది. ఆంటీ ఊలు లాగి మళ్లీ ఉండ చుట్టి నా ఒళ్లో పెట్టారు. "ఊలు ఎక్కడికీ పోలేదుగా, అంతా ఇక్కడే ఉంది" అన్నారు. ఆ మాట నాకు క్లాసులో చాలాసార్లు గుర్తొస్తుంది. మన పిల్లలు చేసే తప్పుల్లో విప్పి మళ్లీ చేసే అవకాశం ఉన్నవి ఎన్ని? యూనిట్ టెస్టులో పోయిన మార్కు పోయినట్టే. ర్యాంకు వాట్సాప్ గ్రూపులో వచ్చేస్తుంది. తప్పు అంటే సిగ్గుపడాల్సింది, దాచిపెట్టాల్సింది అని ఏడో తరగతికే నేర్చేసుకుంటున్నారు. కంపోజిషన్ రాయమంటే గైడులోది దించే పిల్లలు బద్ధకస్తులేం కాదు. సొంతంగా రాస్తే తప్పు వస్తుందని భయం. ఆ భయం పెట్టినవాళ్లలో నా ఎర్ర పెన్ను కూడా ఉంది.

మరో సంగతి. మన పిల్లలు రోజూ స్కూలుకి సాక్సులు వేసుకుని వస్తారు. ఒక పాత యూనిఫామ్ సాక్సునీ, పాత యూనిఫామ్ చొక్కానీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడమనండి. చొక్కా బట్టలో నిలువు పోగు, అడ్డు పోగు ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోతాయి. అది నేత. పోచంపల్లిలో, మంగళగిరిలో మగ్గం మీద జరిగేది అదే. సాక్సులో అలా కాదు, దారం ముడి లేకుండా ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చుగా వెళుతుంది. అది అల్లిక. అందుకే చొక్కా సాగదు, సాక్సు సాగుతుంది. యంత్రం చేసినా, ఆంటీ చేసినా పద్ధతి ఒకటే. పదేళ్లుగా కాళ్లకి తొడుక్కుంటున్న వస్తువు ఎలా తయారైందో తెలియకుండా పిల్లలు పదో తరగతి దాటిపోతున్నారు. నేను బీఈడీ కూడా దాటేశాను.

మా అమ్మమ్మ ఎందుకు నేర్పలేదు

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికి వచ్చిన క్రోషా లేసు అల్లిక అక్కడి ఆడవాళ్ల చేతుల్లో స్థిరపడింది. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లేది. నేను పక్కన కూర్చుని కొక్కెం పట్టుకుంటే లాక్కునేది. "నువ్వు చదువుకో. ఇది నీకెందుకు?" అనేది.

అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. మారియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. ఎగుమతి కోసం గంటల తరబడి పనిచేసే ఆ ఆడవాళ్లని, ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారని, అందుకే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆ పుస్తకం చెబుతుంది. అమ్మమ్మ నా చేతిలోంచి కొక్కెం లాక్కోవడం వెనక ఉన్నది ఆ కూలి. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. అది చూడటానికి అమ్మమ్మ లేదు.

మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటి కథే ఉంటుందని నాకు తెలుసు. మగ్గం, సారె, కత్తెర, నాగలి వదిలి, అప్పుచేసి పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేసిన కుటుంబాలు మనవి. "మేం చేతిపని చేసింది చాలు, మా పిల్లలు చేయక్కర్లేదు" అనే మాటలో అవమానాల చరిత్ర ఉంది. దాన్ని నేను తీసిపారేయను. నేనూ ఆ మాట వల్లే టీచర్నయ్యాను.

అయితే అమ్మమ్మ నన్ను దూరం పెట్టింది తక్కువ కూలి నుంచి. నేను దూరమైంది మాత్రం అల్లికకి కూడా. ఆ రెండూ వేరని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. బతకడానికి తప్పక చేసే చాకిరీ వేరు, చేతికి తెలివి నేర్పే పని వేరు. మన పిల్లలకు మొదటిది తప్పించగలిగాం. రెండోది ఇవ్వగలిగే స్థోమత కూడా ఇప్పుడు మనకుంది. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీమ్‌లో చేతిపని చదువుకి మధ్యలో ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి వారి దగ్గర నేర్చుకునే సమయం ఉండాలని చెబుతోంది. కాబట్టి ఈ హోమ్‌వర్క్ నా ఒక్కదాని పిచ్చి కాదు.

మీరు అడిగే ప్రశ్నలు

"మావాడికి ఫౌండేషన్ క్లాసులున్నాయి మేడమ్, టైమెక్కడిది?" క్లాసులు మానిపించమని నేను చెప్పడం లేదు. ఆ నిర్ణయం మీది. సెలవులు దాదాపు ఏడు వారాలు. రోజుకి ఒక గంట చాలు. అరగంట నడక, అరగంట అల్లిక. ఆ గంటని మాత్రం ఇంకో క్లాసుతో నింపకండి.

"దీనివల్ల మార్కులు పెరుగుతాయా?" పెరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. ఒక్కటి మాత్రం నా అనుభవంలో చూశాను. జూన్‌లో సెలవుల గురించి వ్యాసం రాయమంటే దాదాపు అన్ని నోట్‌బుక్కుల్లోనూ ఒకే మాల్, ఒకే రిసార్ట్, చివర అందరూ బాగా ఎంజాయ్ చేశామనే ఒకే వాక్యం. వ్యాకరణం తప్పు లేదు, చెప్పడానికేమీ లేదు. ఎండిన పూలు తెచ్చిన ఆ పాప మాత్రం వాళ్ల నాయనమ్మతో చెరువుగట్టు మీదికి వెళ్లడం గురించి రెండు పేజీలు రాసింది. స్పెల్లింగులు పదకొండు తప్పులు. కానీ క్లాసంతటికీ చదివి వినిపించదగ్గ వ్యాసం అదొక్కటే. స్పెల్లింగ్ నేను నేర్పగలను. చెప్పడానికి విషయం ఉండాలంటే మాత్రం మీ సాయం కావాలి.

"మా అబ్బాయి అల్లికలేంటండీ?" అబ్బాయిలకి కూడా కాళ్లున్నాయి, సాక్సులు వేసుకుంటారు. పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్య తాకిలే అనే ద్వీపం ఉంది. అక్కడ అల్లిక సంప్రదాయంగా మగవాళ్ల పని, మగపిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. మా సెక్షన్‌లో హోమ్‌వర్క్ చెప్పిన రోజు ముందుగా వచ్చి సూదులు ఏ నంబర్‌వి కొనాలని అడిగింది ఒక అబ్బాయే.

"ఎండాకాలంలో ఊలా?" అవును. ఈ రెండు పనులూ ఒకే రోజులో చక్కగా సర్దుకుంటాయి. పూలు చూడటానికి మంచి వేళ పొద్దున ఆరు నుంచి ఏడున్నర. ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. ఎండ మండే మధ్యాహ్నం, ఎలాగూ బయటికి పంపని వేళ, ఫ్యాను కింద కూర్చుని అల్లుకోవచ్చు. మేలో మొదలుపెట్టి విప్పి, అల్లి, మళ్లీ విప్పి పూర్తిచేసేసరికి చలికాలం వచ్చినా ఇబ్బందేమీ లేదు. ఊలు చెమట పడితే నూలు దారంతో చేయండి. చంటిపిల్లల జతకి యాభై గ్రాముల ఉండ ఒకటి చాలు.

ఎలా చేయించాలి, ఎక్కడ ఆగాలి

పూల డైరీలో ఒక్కో పువ్వుకి ఐదు విషయాలు రాస్తే చాలు. చూసిన తేదీ, వేళ, చోటు, ఎన్ని రేకులున్నాయో, ఆ పేరు ఎవరు చెప్పారో. ఆఖరిది ముఖ్యం. ఫోన్ యాప్‌లో ఫోటో తీసి పేరు పట్టుకోవచ్చు గానీ, ముందు ముగ్గురు మనుషుల్ని అడగాలని పిల్లలకు షరతు పెట్టాను. నానమ్మ, తాతయ్య, వాచ్‌మన్ అంకుల్, పనికి వచ్చే ఆంటీ, కూరగాయల బండి మామ్మ. వాళ్లలో ఎవరికి ఎంత తెలుసో పిల్లలకే కాదు, మనకూ ఆశ్చర్యం కలుగుతుంది. తెలుగు పేరు ముందు రాయాలి, ఇంగ్లిష్ పేరు దాని కింద. ఒకే పువ్వుకి గుంటూరులో ఒక పేరు, కరీంనగర్‌లో ఇంకో పేరు ఉంటే రెండూ రాయాలి. రెండూ కరెక్టే.

జాగ్రత్తలు కొన్ని. ఏ పువ్వునీ, కాయనీ నోట్లో పెట్టుకోకూడదు. ఉమ్మెత్త, గన్నేరు విషం. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు, తాకితే చేతులు కడుక్కోవాలి. పొదల్లోకి, రాళ్ల సందుల్లోకి చేతులు పెట్టకూడదు, పాములుంటాయి. చిన్నపిల్లలు ఒంటరిగా వెళ్లకూడదు. మొక్కలు పీకి తేనక్కర్లేదు, బొమ్మ గీస్తే చాలు.

అల్లికలో మొదటి వారం సాక్సు జోలికి వెళ్లొద్దు. రెండు సూదుల మీద ఇరవై కుట్లు ఎక్కించి చదరపు ముక్క ఒకటి అల్లాలి. అది వంకరగా వస్తుంది, రానివ్వండి. కొందరికి సెలవులన్నీ ఆ ముక్కతోనే గడుస్తాయి, అదీ హోమ్‌వర్కే. ఇంట్లో అల్లడం తెలిసిన పెద్దవాళ్లుంటే వాళ్లే గురువులు. మీకు రాకపోతే పిల్లలతో కలిసి నేర్చుకోండి. అమ్మకో నాన్నకో కూడా కుట్టు జారిపోతుందని చూడటం పిల్లలకు మంచిది.

మీ నుంచి నేను కోరేది ఒక్కటే. దయచేసి మీరు చేసిపెట్టకండి. షాపులో కొన్న సాక్సు నాకు తెలిసిపోతుంది. ఆంటీ దగ్గర మూడుసార్లు విప్పినదాన్ని కదా! టేపు ఊడిన పేజీ, సగంలో ఆగిన మడమ, పేరు దొరకని పువ్వు, అన్నీ తీసుకుంటాను. ఈసారి ఈ హోమ్‌వర్క్‌కి మార్కులు లేవు. ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతితోనే మార్కుల గడి తీసేశాను. జూన్‌లో స్కూలు తెరిచాక మొదటి శనివారం క్లాసులో ఒక తాడు కట్టి, అల్లినవన్నీ క్లిప్పులతో తగిలిస్తాం. డైరీలు బెంచీల మీద పెడతాం. మీరూ రండి, మీ అమ్మగారినీ అత్తగారినీ తీసుకురండి. పిల్లలు పేరు కనుక్కోలేని పూలకి వాళ్లే పేర్లు చెబుతారేమో.

గోడ పక్కన గడ్డి కోసే ముందు నాకు చెప్పమని మన స్కూలు తోటమాలి తాతని అడిగాను. "ఆ పిచ్చి మొక్కలకా మేడమ్?" అని నవ్వి, సరేనన్నాడు. గేటు నుంచి ఎడమవైపు మూడో స్తంభం దాకా కోయకుండా ఉంచుతానన్నాడు. పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు చూడండి.